మూడో నమూనాలో నాలుగో పేరా

మా పై వాటాలో ఉండే అమ్మాయి మొన్న ఫోను పట్టుకుని కిందికొచ్చింది. "ఆంటీ, నా రెజ్యూమే ఒకసారి చూడండి. ఎన్ని చోట్ల పంపానో నాకే గుర్తులేదు. ఒక్కళ్లూ పలకట్లేదు," అంది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. రెండు పేజీలు, ముచ్చటగా ఉంది. అందులో ఉన్న మనిషి మహా చురుకైనది, ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటుంది, పదిమందితో కలిసి పనిచేస్తుంది, ఒంటరిగానూ పనిచేస్తుంది. మా పై వాటా అమ్మాయి మాత్రం ఎక్కడా కనిపించలేదు. పొద్దున్నే తమ్ముడితో పోట్లాడి స్కూటీ ఎక్కే పిల్ల, వీధి కుక్కకు దెబ్బ తగిలితే ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తిన పిల్ల ఆ కాగితంలో లేదు.

"ఇది నువ్వే రాశావా అమ్మా?" అన్నాను.

"లేదాంటీ, టెంప్లేటు ఉంటుంది. మనం ఖాళీలు నింపుకోవడమే. కవరింగ్ లెటరుకి కూడా ఉంది."

టెంప్లేటంటే నమూనాయే కదా. ఆ మాట వినగానే నవ్వొచ్చింది, ఆ వెనకే మనసు కలుక్కుమంది. ఆ అమ్మాయికి అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపాను. చెప్పవలసింది ఇంకా ఉందని తరవాత అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయిలాగే దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయిన పిల్లలు ఎవరైనా చదివితే సంతోషం.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసు పుస్తకంలో నా మొదటి ఉద్యోగం ఆ కార్యాలయంలోనే మొదలైనట్టు ఉంటుంది. నిజానికి అంతకు ముందు మూడేళ్లు, డెబ్బైల నడిమి రోజుల్లో, విజయవాడ గవర్నరుపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాను. మేడ మీద పొడుగాటి హాలు, కింద సైకిలు షాపు. పొద్దునా సాయంత్రం పిల్లలకు టైపు నేర్పేవాళ్లం. మధ్యలో, ఎండ మండిపోయే వేళ, బయటివాళ్లకు కాగితాలు కొట్టిపెట్టేవాళ్లం. అందులో ముప్పాతిక వంతు ఉద్యోగాల దరఖాస్తులే.

ఇప్పుడు మీరు ఒక మీట నొక్కితే దరఖాస్తు వంద చోట్లకు పోతుంది. అప్పుడు ఒక్కటి పంపడానికే ఒక వారం పట్టేది. ముందు పేపరు కటింగు సంపాదించాలి. మార్కుల కాగితాలకు నకళ్లు కొట్టించాలి. వాటి మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. ఆయన భోజనానికి వెళ్లి ఉంటాడు, లేదా క్యాంపులో ఉంటాడు. అవన్నీ అయ్యాక మా మెట్లెక్కి వచ్చి, చెమటలు తుడుచుకుంటూ, "ఇంగ్లీషులో గట్టిగా రాయండి మేడం" అనేవాళ్లు. గట్టిగా అంటే ఏమిటో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. మూడేళ్లలో నేను ఎన్ని వందల మంది తరఫున ఎన్ని వందల మంది ఆఫీసర్లకు "సవినయంగా వేడుకుంటున్నాను" అన్నానో దేవుడికే ఎరుక.

ఇన్‌స్టిట్యూట్ మాస్టారిది. అరవై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, చెవి మీద పెన్సిలు. ఒక్క అక్షరం తప్పు కొట్టినా కాగితం చింపి మళ్లీ కొట్టించేవాడు. ఆయన దగ్గర ఒక నల్ల అట్ట ఫైలు ఉండేది. అందులో ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లు వేసిన నమూనాలు. ఒకటో నమూనా బ్యాంకు ఉద్యోగాలకు, రెండోది బడిపంతులు పనికి, మూడోది ఆడపిల్లలు పెట్టుకునే గుమాస్తా పనికి, అలా. ఏ నమూనా అయినా నాలుగో పేరా కష్టాల పేరా. మొదటి పేరాలో ప్రకటన చూశామనీ, రెండో పేరాలో ఏం చదివామనీ, మూడో పేరాలో ఏ పని వచ్చనీ రాసి, నాలుగో పేరాలో ఇంటి పరిస్థితి చెప్పుకోవాలి. "చదువు చూసి పిలుస్తారు, కష్టం చూసి ఇస్తారు," అనేవాడు మాస్టారు. ఊళ్లో ఏ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినా అంతే. కష్టాల పేరా లేకుండా దరఖాస్తు పంపడం అంటే చేతులు ఊపుకుంటూ చుట్టాలింటికి వెళ్లినట్టు అనుకునేవాళ్లు.

నా పక్క మిషను మీద ఒక బి.ఎ. చదివినాయన పనిచేసేవాడు. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. ఊరందరి దరఖాస్తులూ కొట్టి, ఖాళీ దొరికినప్పుడు తనది ఒకటి కొట్టుకునేవాడు. ఎప్పుడో ఒకటి రెండు చోట్ల నుంచి, చింతిస్తున్నామంటూ జవాబు వచ్చేది. ఆయన మిషను బల్లకు ఒక కాలు పొట్టి. ఆ జవాబులన్నీ మడిచి ఆ కాలి కింద పెట్టేవాడు. "చూశావా, కంపెనీలన్నీ కలిసి నాకు ఊతం ఇస్తున్నాయి," అనేవాడు నవ్వుతూ. ఒక్కోసారి ఆ నవ్వు కళ్ల దాకా వచ్చేది కాదు. అలాంటి రోజుల్లో నేను ఫ్లాస్కులోని కాఫీ సగం ఆయన గ్లాసులో పోసేదాన్ని.

ఇక ఆ మూడో నమూనా సంగతి చెప్పాలి. అది నాదే.

మా నాన్న మిషన్ బడిలో పంతులు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఈస్టరు ముందు వారంలో, జ్వరం అని పడుకుని నాలుగు రోజుల్లో పోయాడు. అమ్మా నేనూ గుణదలలో ఒక గదిలోకి మారాం. టైపు నేర్చుకుంటానని మాస్టారి దగ్గర చేరాను. ఆరు నెలలు పోయాక ఒక బడి గుమాస్తా పనికి ఆయనే నాకు దరఖాస్తు తయారుచేశాడు. నా ఎదురుగా కూర్చుని, ఒక్కో సంగతీ అడిగి, రాసుకున్నాడు. నాలుగో పేరా రాసేటప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నా తండ్రి అకాల మరణం చెందినందున నా తల్లి పోషణ భారం నా మీద ఉన్నది" అని దాని అర్థం. ఆ పని నాకు రాలేదు. మాస్టారే తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ దరఖాస్తు కార్బన్ కాపీ, కింద నా సంతకంతో సహా, నల్ల ఫైలులో మూడో నంబరుగా ఉండిపోయింది. బాగా కుదిరిందని ఆయనకు దాని మీద ముచ్చట.

మొదట్లో వేరే ఆడపిల్లలకు ఆ నమూనా కొట్టేటప్పుడు ఆ వాక్యం దగ్గర నా వేళ్లు ఆగిపోయేవి. తండ్రి ఉన్నవాళ్లకు దాని బదులు ఇంకో వాక్యం వేయాలి, నాన్న రిటైరయ్యారనో, మంచాన ఉన్నారనో. అడిగి వేసేదాన్ని. ఏడాది గడిచేసరికి వేళ్లు ఆగడం మానేశాయి. మా నాన్న చనిపోయిన సంగతి నిమిషానికి నలభై మాటల వేగంతో కొట్టగలిగేదాన్ని. నా పని నాకు బాగా వచ్చేసిందనుకున్నాను.

ఒక సోమవారం మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి, పొడుగ్గా, చామనచాయగా. కొల్లేటి ఒడ్డున ఒక పల్లె వాళ్లది. గుణదలలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదివింది. ఇబ్రహీంపట్నంలో అప్పుడు పెద్ద విద్యుత్ కేంద్రం కడుతున్నారు. ఆ చుట్టుపక్కల చిన్న చిన్న కంపెనీలు లేస్తున్నాయి. అందులో సిమెంటు గొట్టాలు చేసే ఒక కంపెనీలో టెలిఫోను దగ్గర కూర్చుని రికార్డులు చూసుకునే పనికి ప్రకటన పడింది. ఆ రోజే పోస్టు చేయకపోతే గడువు దాటిపోతుంది.

వెనక వాళ్ల నాన్న. మోకాళ్ల పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు, ఎండకు నల్లబడ్డ ఒళ్లు. కొల్లేట్లో తాటి దోనె వేసుకుని చేపలు పడతాడు. తెల్లవారకుండానే బయల్దేరి, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, కూతురి కోసం వచ్చాడు. హాల్లోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "నా ఒళ్లు నీసు వాసనండి. ఇక్కడే ఉంటాలెండి," అన్నాడు. నేను రమ్మనలేదు. ఆ సంగతి కూడా రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

ఆ రోజు ఏదో బ్యాంకు ప్రకటన కూడా పడింది. మెట్ల మీద దాకా జనం. బయోడేటా మాత్రం ఆ అమ్మాయి తానే వరసగా రాసి తెచ్చింది. దాన్ని చూసి కొట్టాను. తండ్రి వృత్తి అన్న చోట చేపల వేట అని స్పష్టంగా రాసింది, అలాగే కొట్టాను. ఉత్తరానికి మూడో నమూనా ఎదురుగా పెట్టుకున్నాను. పెట్టుకున్నానే గాని చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు కదా. పేరు, ఊరు, పరీక్ష, మార్కులు మార్చాను. మిగతాది వేళ్లే కొట్టేశాయి.

ఆ అమ్మాయి బయోడేటా పట్టుకుని మార్కులన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. ఉత్తరం చేతిలోకి తీసుకోబోతే, "అది అందరికీ ఒకటేనమ్మా, కింద సంతకం పెట్టు. రిజిస్టరు కౌంటరు మూసేస్తారు," అన్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి వాళ్ల నాన్న అడిగాడు. "అమ్మగారూ, ఒక్క మాటండి. ఏం రాశారో తెలుగులో సదివి చెప్పండి. మా పిల్ల గురించి ఇందామని."

"ఇంగ్లీషు బాబాయిగారూ. మామూలుగా రాసేదే. చెప్పినా మీకేం తెలుస్తుంది?"

ఆయన నవ్వాడు. "అంతేలెండి," అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కిందికి దిగేముందు తామరాకులో కట్టిన రెండు కొర్రమీనులు నా బల్ల పక్కన కింద పెట్టాడు. బతికున్న చేపలు. సాయంత్రం దాకా ఆకులో కదులుతూనే ఉన్నాయి. అమ్మ చాలా రోజుల తరవాత పులుసు పెట్టింది.

మూడు వారాలకు ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి ఇంటర్వ్యూ ఉత్తరం చూపించింది. నా పక్కాయన ఆ ఉత్తరం అందుకుని, అపురూపంగా అటూ ఇటూ తిప్పి చూసి, "మన మిషన్ల నుంచి వెళ్లినవాటికి జవాబులు కూడా వస్తాయన్నమాట," అన్నాడు. మాస్టారు మిఠాయి తెప్పించాడు. నాకు కూడా గర్వంగానే అనిపించింది.

ఇంటర్వ్యూ మర్నాడు, ఇంకా పాఠాలు మొదలు కాకముందే, ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నా బల్ల ముందు నిలబడి, "నా ఉత్తరం కాపీ ఉందా అండీ?" అంది.

తీసి ఇచ్చాను. నాలుగో పేరా మీద వేలు పెట్టి నాకు చూపించింది. చదివాను. నా వాక్యం. మా నాన్న చావు. గుమ్మంలో నిలబడి, పిల్ల గురించి విందామని అడిగినాయన చావు.

కూర్చున్నాను.

ఆ అమ్మాయి జరిగింది చెప్పింది. ఆఫీసరు బాగానే మాట్లాడాడట. టెలిఫోను ఎలా ఎత్తాలో చేసి చూపించమన్నాడట. చివర్లో, ఎవరితో వచ్చావమ్మా అని అడిగాడు. మా నాన్నతోనండీ, బయట కూర్చున్నారు, అంది. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. "దీంట్లో తండ్రి చేపల వేట అని ఉంది. దీంట్లో తండ్రి చనిపోయాడని ఉంది. నాన్న బయట కూర్చున్నాడంటున్నావు. జాలి కోసం అబద్ధం రాశావా?" అన్నాడు. ఈ పిల్లకు నోరు పెగల్లేదు. సంజాయిషీ ఏదైనా ఉంటే మర్నాడు సాయంత్రం లోపల చెప్పమనీ, లేకపోతే వేరేవాళ్లను పిలుస్తామనీ అన్నాడు. తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద వాళ్ల నాన్న అంతా విన్నాడు.

"బస్సులో పక్కనే కూర్చున్నా ఒక్క మాట మాట్లాడలేదండీ," అంది. "నేను రాయలేదు నాన్నా అంటూనే ఉన్నాను. బస్టాండులో దిగాక ఒక్కటే అన్నాడు. 'నా గురించి సిగ్గయితే ముందే చెప్పాల్సింది తల్లీ, నేను గేటు కాడే ఆగిపోయేవోణ్ణి గదా' అన్నాడు. ఊరికి పోతున్నానని వెళ్లిపోయాడు. ఉద్యోగం పోతే పోనివ్వండి. మా నాన్న అట్టా అనుకుంటే నేను ఎట్టా బతకనండీ?"

తప్పు నాదేనని చెప్పాను. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్నేమో. తిట్టలేదు. "మీరు కావాలని చేస్తారా అండీ," అని కళ్లు తుడుచుకుంది.

మాస్టారికి చెప్పాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "మన ఇన్‌స్టిట్యూట్‌లో తప్పు కొట్టారని ఒక కంపెనీకి వెళ్లి చెబుతావా? రేపు ఊరంతా పాకితే ఇక్కడికి ఎవడొస్తాడు?" అన్నాడు. నా పక్కాయన మెల్లగా, "సవరణ ఉత్తరం ఒకటి కొట్టి పోస్టులో పంపితే సరిపోతుందేమో," అన్నాడు. పోస్టు చేరేసరికి గడువు అయిపోతుంది. నాకు మొండితనం వచ్చింది. "నేనే వెళ్లి చెబుతాను మాస్టారూ. మళ్లీ రావద్దంటే రాను," అన్నాను. నా జీతం మీదే ఇల్లు నడుస్తోందని ఆ క్షణంలో గుర్తు రాలేదు. మెట్లు దిగబోతుంటే గుర్తొచ్చింది.

మాస్టారు వెనక నుంచి పిలిచాడు. నల్ల ఫైలు తెరిచి మూడో నంబరు కాగితం బయటికి లాగాడు. అంచులు నలిగి, మధ్యలో మడత దగ్గర చిరిగి ఉంది. "ఉత్త మాట ఎవరు నమ్ముతారు? ఇది చూపించు. నీ సంతకం ఉంది, తేదీ ఉంది. ఆ వాక్యం ఎవరిదో వాళ్లకు తెలుస్తుంది," అన్నాడు. కాస్త ఆగి, "దీన్ని అందరికీ వాడటం నాది తప్పు. నీ ఎదురుగా వాడటం ఇంకా తప్పు," అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. అంత పెద్దాయన అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. చెవి మీద పెన్సిలు తీసి, మళ్లీ అక్కడే పెట్టుకుని, "బస్సు పోతుంది, వెళ్లు," అని కసిరాడు.

ఆ అమ్మాయీ నేనూ ఇబ్రహీంపట్నం బస్సెక్కాం. దారంతా నేను చెప్పబోయే మాటలు వరస పెట్టుకుంటున్నాను. వందల మంది తరఫున విన్నపాలు రాసినదాన్ని, నా తరఫున రెండు మాటలు కుదరలేదు.

కంపెనీ అంటే అప్పటికి రేకుల షెడ్డు, రెండు గదుల ఆఫీసు, చుట్టూ సిమెంటు దుమ్ము. ఆఫీసరు గది తలుపు తీసే ఉంది. గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపల ఒక గొంతు వినిపించింది. ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వాళ్ల నాన్న. ఊరికి పోలేదు. బస్టాండులోనే ఉండి పొద్దున్నే ఇక్కడికి వచ్చాడు. ఆఫీసరు బల్లకు దూరంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా పిల్ల అబద్ధం రాయలేదండీ," అంటున్నాడు. "నేను దాని నాన్నని కాదు, పెదనాన్నని. దాన్ని కన్నోడు పోయాడండీ, మా తమ్ముడు. చేపలు పట్టి పెంచింది నేను గాబట్టి నన్ను నాన్నా అని పిలుస్తది. రెండు కాగితాలూ నిజమేనండీ. బిడ్డని తప్పు పట్టమాకండి, దండం పెడతాను."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. రాత్రంతా ఆలోచించి ఉంటాడు. కూతురు తనను చంపేసిందని నమ్ముతూనే, కూతురి మాట అబద్ధం కాకుండా ఉండటానికి తానే తన చావును ఒప్పుకుంటున్నాడు.

"నాన్నా!" అని ఆ పిల్ల ఒక్క అరుపు అరిచింది. లోపలికి పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వు మా నాన్నవి కాదా? నువ్వు మా నాన్నవి కాదా?" అంటూ ఆయన భుజం మీద కొట్టింది. ఆయన తల వంచుకున్నాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

నేను వరస పెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నా కాగితం బల్ల మీద పెట్టి, "చనిపోయింది మా నాన్నండీ," అన్నాను.

ఆఫీసరు నా కాగితమూ ఆ అమ్మాయి ఉత్తరమూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. నాలుగో పేరా మాటకు మాట ఒకటే. కింద నా సంతకం చూశాడు, తేదీ చూశాడు. ఎలా జరిగిందో చెప్పాను. నమూనా సంగతి, ఆ రోజు జనం, ఆ అమ్మాయి నాన్న చదవమంటే చదవకపోవడం, ఒకటీ దాచలేదు. చెప్పింది ఆఫీసరుకే అయినా నా కళ్లు ఈయన మీదే ఉన్నాయి. "బాబాయిగారూ, ఆ మాట మీ అమ్మాయిది కాదు. తను చూడనైనా లేదు. నేనే చూడనివ్వలేదు. ఆ రోజు మీరు అడిగినప్పుడు చదివి ఉంటే నాకే తెలిసేది. నన్ను క్షమించండి," అన్నాను.

ఆయన కూతురి వైపు కాకుండా నా వైపు చూసి, "మీ నాన్నగారు ఎట్టా పోయారమ్మా?" అని అడిగాడు.

ఆ మాట నన్ను అడిగి ఎంత కాలమైందో. "జ్వరమండీ," అన్నాను. ఆ ఒక్క ముక్కతో, అన్నాళ్లుగా టైపు కొడుతూ ఏడవని ఏడుపంతా వచ్చేసింది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లినదాన్ని, ఒక పరాయి ఆఫీసులో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన దగ్గరికి రాబోయి, మళ్లీ ఆగి, తన తువ్వాలు వైపు చూసుకుని సంకోచించాడు. నేనే చెయ్యి చాపి తీసుకుని మొహం తుడుచుకున్నాను. నీసు వాసన వేసింది. ఏం ఫరవాలేదనిపించింది.

ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం వచ్చింది. చాలా ఏళ్లు అక్కడే చేసింది. ఆ కంపెనీకి ఫోను చేస్తే అవతల వినిపించే ఆ గొంతు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మా మాస్టారు నన్ను తీసెయ్యలేదు. మూడో నమూనా మళ్లీ ఫైలులోకి వెళ్లలేదు. అది ఇప్పటికీ నా బీరువాలో, నాన్న ఫోటో వెనక ఉంది. నా పక్కాయనకు కూడా ఏడాదిన్నర తరవాత ఒక బడిలో పని దొరికింది. వెళ్లేటప్పుడు బల్ల కాలి కిందవి తీసుకుపొమ్మంటే, "వద్దులే, బల్ల ఊగుతుంది," అని వదిలేసి పోయాడు. ఆ రోజు నుంచి నేను మాత్రం ఎవరి దరఖాస్తు కొట్టినా, ఎంత జనం ఉన్నా, మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి వినిపించి గాని సంతకం పెట్టనివ్వలేదు. కొందరు విసుక్కునేవాళ్లు. కొందరు మాత్రం తమ గురించి తాము మొదటిసారి వింటున్నట్టు మొహం పెట్టేవాళ్లు.

పై వాటా అమ్మాయిని కూడా నిన్న పిలిచి అదే చెప్పాను. పంపేముందు ఆ రెండు పేజీలూ మీ అమ్మకు తెలుగులో చదివి వినిపించు, ఇందులో ఉన్నది మన పిల్లేనని ఆవిడ అంటే పంపు, అన్నాను. నవ్వి వెళ్లిపోయింది. వినిపించిందో లేదో ఇంకా అడగలేదు.

ఆ రోజు ఆఫీసులో మిగిలిన ముక్క ఒకటి చెప్పాలి. ఆఫీసరు మాకు మంచినీళ్లు ఇప్పించి, పాత ఉత్తరం తీసేసి కొత్తది పెట్టమన్నాడు. వాళ్ల మిషను మీదే కూర్చున్నాను. ఈసారి నమూనా లేదు. ఆ అమ్మాయి పక్కన నిలబడి ఒక్కో మాటా చెబుతుంటే కొట్టాను. నాలుగో పేరా దగ్గర ఆగి, ఏం రాయను అని అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది, నేను కొట్టాను. కాగితం బయటికి తీసి, ఈసారి అడిగించుకోకుండానే, వాళ్ల నాన్నకు తెలుగులో చదివాను.

"మా నాన్న కొల్లేట్లో చేపలు పడతాడు. ఆయన కష్టంతోనే నేను చదువుకున్నాను. ఈ ఇంటర్వ్యూకి నన్ను ఆయనే తీసుకొచ్చాడు."

"ఇంకోసారి సదవండమ్మా," అన్నాడు.

చదివాను. ఆయన దగ్గరికి వచ్చాడు. తువ్వాలుతో చేతులు రెండూ శుభ్రంగా తుడుచుకున్నాడు.

"ఇందులో నేను యాడున్నానో చూపించండి."

వేలు పెట్టి చూపించాను. ఆయన తన చూపుడువేలు ఆ వాక్యం కింద, సిరా అంటుకుంటుందేమోనని కాగితానికి తగలకుండా పట్టుకుని, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మెల్లగా నడిపించాడు. తరవాత కూతురి వైపు తిరిగి, బస్టాండులో విడిపోయాక మొదటిసారి ఆ పిల్లతో మాట్లాడాడు.

"సంతకం పెట్టు తల్లీ," అన్నాడు.